పసుపు బొట్ల మానిఫోల్డు

మా ఇంట్లో ఆయుధపూజ నాడు పూజకి కూర్చునే వస్తువుల జాబితా ఏ ఏటికా ఏడు మారుతూ వచ్చింది. చిన్నప్పుడు కత్తిపీట, గునపం, నాన్నగారి సైకిలు, అమ్మ కుట్టుమిషను. తర్వాత స్కూటరు, ఆ తర్వాత మా చెల్లెలి కంప్యూటరు. మారనిది ఒక్కటే. వసారాలో తలుపు మూసుకుపోకుండా అడ్డంగా పెట్టే ఒక బరువైన బీడు ముక్క. మూరెడు పైన పొడవు, ఒకవైపు మూడు నోళ్లు, నడుమ ఒక దిబ్బ. ఏడాది పొడుగునా కాలికి తగిలి తిట్లు తినే ఆ ముక్కకి దసరానాడు మాత్రం స్నానం, పసుపు, కుంకుమ, ఒక బంతిపువ్వు.

"ఏమిటమ్మా అది?" అంటే "తాతగారి బస్సుది" అనేది అమ్మ. అంతకన్నా ఆవిడకి తెలియదు. తాతగారు యుద్ధకాలంలో బెజవాడ నుంచి బందరుకి బస్సు నడిపేవారట. ఆ బస్సు పెట్రోలుతో కాదు, బొగ్గుతో నడిచేదని ఆయన చెప్పేవారు. నాన్నగారు మాత్రం నవ్వేసేవారు. "మీ తాతయ్య కోతలు నమ్మితే బస్సు గంజితో కూడా నడుస్తుంది" అనేవారు. బొగ్గు బస్సులు లేవని కాదు ఆయన ఉద్దేశం. అలాంటి బస్సుని తాతగారు నడిపారంటేనే అనుమానం. ఆయన క్లీనరుగా చేశారు తప్ప స్టీరింగు పట్టలేదని మా పెదతాత వైపువారి మాట. ఇద్దరూ ఇప్పుడు లేరు. నాన్నగారు పోయాక ఇల్లు అమ్మకానికి వచ్చింది. మొన్న వేసవిలో తమ్ముడు ఫోను చేశాడు.

"అన్నయ్యా, పాత ఇనుప సామాన్లవాడు వచ్చాడు. ఆ తలుపు ముక్క కూడా తూకానికి వేసెయ్యనా?"

"ఆగరా, వెయ్యకు. ముందు ఫోటోలు తీసి పంపు" అన్నాను. ఎందుకు అలా అన్నానో చెప్పాలంటే డబ్లిన్ రేవు కథ కొంచెం చెప్పాలి.

మనవాళ్లలో చాలామందికి గ్రాండ్ కెనాల్ డాక్ రోజూ తిరిగే చోటే. 1796లో తెరిచిన ఆ రేవు చుట్టూ ఇప్పుడు అద్దాల మేడలు, కాఫీ కొట్లు, మనం పనిచేసే ఆఫీసులు. బారో స్ట్రీట్‌లో గూగుల్ భవనాల పక్కన గుండ్రంగా ఇనుప స్తంభాల చట్రం, దాని లోపల అపార్టుమెంట్లు కనబడతాయి చూశారా? పిల్లలు దాన్ని జెయింట్ వీల్ పడుకోబెట్టినట్టుంది అంటారు. అది పాత గ్యాసు తొట్టి చట్రం. ఇంగ్లండు నుంచి ఓడల్లో వచ్చిన రాతిబొగ్గుని ఈ రేవుగట్ల మీద దింపి, ఇక్కడే వేడిచేసి, వచ్చిన వాయువుని ఊరంతా గొట్టాల్లో పంపేవారు. ఆ కార్ఖానా పోయాక నేలలో మిగిలిన తారు, విషపు మట్టి తవ్వి శుభ్రం చేయడం డాక్‌ల్యాండ్స్ అభివృద్ధి సంస్థకి పెద్ద ఖర్చే అయింది.

రెండో ప్రపంచయుద్ధంలో ఐర్లండు తటస్థంగా ఉంది. ఆ కాలాన్ని ఇక్కడివారు యుద్ధం అనరు, 'ఎమర్జెన్సీ' అంటారు. తటస్థంగా ఉన్నా బొగ్గూ పెట్రోలూ ఓడల మీదే కదా రావాలి! బొగ్గు దిగుమతి పడిపోయింది. వంటగ్యాసు రోజుకి కొన్ని గంటలే వదిలేవారు. మిగిలిన వేళల్లో గొట్టంలో మిగిలిన కాస్త వాయువుతో దొంగతనంగా టీ కాచుకునేవాళ్లని పట్టుకోవడానికి 'గ్లిమ్మర్ మ్యాన్' అనే ఇన్‌స్పెక్టరు ఇల్లిల్లూ తిరిగి పొయ్యి ముట్టుకుని చూసేవాడు. 1943 నాటికి సొంతకార్లు దాదాపు రోడ్డెక్కడం మానేశాయి. కొందరు కారు కప్పు మీద పరుపంత గ్యాసు సంచీ కట్టుకుని నడిపారు. కొందరు బండి వెనక బొగ్గు కుంపటి బిగించుకున్నారు.

బొగ్గు కుంపటి! ఒక పాతబండ్ల మేళాలో, ముసలి లారీ మెకానిక్కు ఒకాయన ఈ మాట అనగానే నాకు బందరు రోడ్డు గుర్తొచ్చింది. ఆయన బల్ల మీద పాతిక ముప్ఫై మానిఫోల్డులు పరిచి ఉన్నాయి. చూస్తే మాంసం కొట్టు ముందు ఎముకల్లా ఉన్నాయి. మా వసారా ముక్కకి చుట్టాలే అన్నీ!

మానిఫోల్డు అంటే ఏమిటో డాక్టరు మిత్రులకి ఒక్క మాటలో చెప్పవచ్చు. ఊపిరి గొట్టం ఛాతీలోకి దిగి కొమ్మలుగా చీలినట్టే, కార్బురేటరు నుంచి వచ్చే గాలీ ఇంధనమూ కలిసిన మిశ్రమాన్ని ఒక్కొక్క సిలిండరుకి పంచిపెట్టే చీలిక గొట్టం ఇన్‌టేక్ మానిఫోల్డు. పొగని కూడగట్టి బయటికి పంపేది ఎగ్జాస్ట్ మానిఫోల్డు. కదిలే భాగం కాదు, అరిగేది కాదు. అందుకే ఇంజను తుక్కయ్యాక కూడా ఇది మిగిలిపోతుంది. ఏ ఇంజనుదో ఎవరికీ తెలియకుండా మిగిలిపోతుంది, అదే చిక్కు.

నేను ఇంజనీరుని కాబట్టి ముందు నంబరు వెతకబోయాను. ముసలాయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. నంబరు చివర చూడాలట. మొదట చూడవలసింది అది ఏ ఇంధనం తాగిందో. ఆ మాటతో నాకు సగం విద్య వచ్చేసింది.

పెట్రోలు చల్లటి బీడు గోడకి తగిలితే మళ్లీ ద్రవమై కారిపోతుంది. కాబట్టి పెట్రోలు మానిఫోల్డుకి ఎక్కడో ఒకచోట పొగగొట్టం వేడి తగిలే ఏర్పాటు ఉంటుంది. రెండు మానిఫోల్డులూ నడుమ ఆనుకుని ఉండటమో, అడుగున ఒక వేడిపెట్టె ఉండటమో. బీటిల్ కారుకైతే సన్నటి గొట్టం ఒకటి ప్రత్యేకంగా సైలెన్సరు నుంచి వేడిపొగ తెచ్చి మానిఫోల్డు కింద తిప్పుతుంది. అది మసితో పూడిపోతే డబ్లిన్ తేమకి కార్బురేటరు గొంతులో మంచు కడుతుంది, బండి దగ్గుతుంది. అన్నట్టు, జర్మనీ బయట కూర్చిన మొట్టమొదటి బీటిల్ మన రేవుకి కూతవేటు దూరంలో షెల్బోర్న్ రోడ్డులోనే తయారైంది, 1950లో. స్టీఫెన్ ఓఫ్లాహర్టీ అనే వ్యాపారి విడిభాగాలుగా తెప్పించి ఇక్కడ బిగించాడు.

కిరసనాయిలు మరీ మొండిది. దానికి గోరువెచ్చన చాలదు, కాగాలి. అందుకే కిరసనాయిలు ట్రాక్టర్ల మానిఫోల్డులు పొగగొట్టాన్ని కౌగిలించుకున్నట్టు లావుగా, వికారంగా ఉంటాయి. హెన్రీ ఫోర్డు తండ్రి కార్క్ జిల్లాలోని బాలినాస్కార్తీ నుంచి అమెరికా వెళ్లిన రైతుబిడ్డ. ఆ మమకారమో వ్యాపారమో కాని, ఫోర్డు 1917లో కార్క్‌లో ఫ్యాక్టరీ పెట్టాడు. 1919 జూలైలో మొదటి ఫోర్డ్‌సన్ ట్రాక్టరు అక్కడినుంచి బయటికొచ్చింది. 1929 నుంచి 1932 దాకా ప్రపంచంలోని ఫోర్డ్‌సన్ ట్రాక్టర్లన్నీ అక్కడే పోతపోశారు. ఐరిష్ పొలాల్లో దొరికే ఫోర్డ్‌సన్ ఆవిరిపెట్టెలు ఆ కాలానివే చాలా. మన ఉత్తర పొరుగువాడు హారీ ఫెర్గూసన్ బూడిదరంగు ట్రాక్టరు 1946 నుంచి పదేళ్లలో అయిదు లక్షలకి పైగా తయారైంది. అందులో పెట్రోలు రకం, కిరసనాయిలు రకం, డీజిలు రకం మూడూ ఉన్నాయి. బయటికి ఒకేలా కనబడే ఆ మూడింటినీ మానిఫోల్డు చూసి విడదీయవచ్చు. ఆ ఫెర్గూసనే తర్వాత మాసీ ఫెర్గూసన్ అయి మద్రాసు టాఫే ద్వారా మన పొలాల్లోకి వచ్చింది.

డీజిలుకి కార్బురేటరు ఉండదు. కాబట్టి దాని మానిఫోల్డు ఉత్త గాలిగొట్టం, వేడి అక్కరలేదు. అయితే కొన్ని పాత డీజిళ్లలో గవర్నరు కోసం గొంతులో ఒక రెక్క పెట్టేవారు. దాన్ని చూసి పెట్రోలుదనుకుని మోసపోయేవాళ్లున్నారు. నేనూ ఒకసారి పోయాను.

ఇక బొగ్గు గ్యాసు. ఇది ముందే వాయువు, అప్పటికే వేడి. ఇంకా వేడిచేస్తే పలచబడి, సిలిండరులోకి తక్కువ వెళ్తుంది. కాబట్టి దీనికి కావలసిన మానిఫోల్డు పెట్రోలుకి పూర్తిగా ఎదురు. చల్లగా ఉండాలి, వెడల్పుగా ఉండాలి. కాని యుద్ధకాలంలో కొత్త మానిఫోల్డులు ఎవరు పోస్తారు? ఉన్నదాన్నే కోసి, బెజ్జం చేసి, అతుకు వేశారు. వేడిపెట్టె నోటికి రేకు కొట్టి మూసేశారు. ఆ మచ్చలే మనకి ఆనవాళ్లు.

మన వైపు సంగతి. మోటారు బస్సు మన ఊళ్లకి కొత్తేమీ కాదు అప్పటికి. నిజాం రాష్ట్రంలో రైల్వే వారే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. అవి స్కాట్లండు నుంచి వచ్చిన ఆల్బియన్ బస్సులు. సర్కారు జిల్లాల్లో మాత్రం ప్రైవేటు యజమానులవే బస్సులన్నీ. ఎక్కువ షెవర్లేలు, ఫోర్డులు. జనరల్ మోటార్స్ వారు 1928 నుంచి బొంబాయిలో షెవర్లేలు కూర్చి అమ్మేవారు. 1941లో పెట్రోలు రేషను వచ్చింది. 1942లో బర్మా జపాను చేతికి పోవడంతో అక్కడి చమురూ పోయింది. అప్పుడు వచ్చాయి బొగ్గు బస్సులు. మదురైలో టి.వి.సుందరం అయ్యంగారి కంపెనీ వంటివారు గ్యాసు ప్లాంట్లు తయారుచేసి అమ్మారు.

బస్సు వెనక నిలువెత్తు ఇనుప పీపా. అందులో కట్టెబొగ్గు. చాలీచాలని గాలిలో మండితే కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. అదే ఇంధనం. గాలిలోంచి వచ్చిన నైట్రోజను సగానికి పైగా దాన్లో కలిసిపోతుంది, అది మండదు, ఊరికే చోటు తింటుంది. అందుకని ఇంజను బలంలో మూడోవంతు నుంచి సగం దాకా పోయేది. వంతెన ఎక్కలేకపోతే జనం దిగి తోసేవారు. తెల్లవారుజామున క్లీనరు చేత్తో బ్లోయరు తిప్పి తిప్పి నిప్పు రాజేస్తే తప్ప బస్సు కదిలేది కాదు. బూడిద వడగట్టే సంచులు దులపడం, గొట్టాలు చల్లార్చడం అన్నీ అతని పనే. మూసిన షెడ్డులో ఆ పని చేస్తూ స్పృహ తప్పిపోయినవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. వాసన లేని ఆ విషం ఎంతటిదో డాక్టర్లకి చెప్పక్కర్లేదు.

తమ్ముడు ఫోటోలు పంపాడు. మొదటి విడతలో ఏమీ కనబడలేదు. అరవై డెబ్భై దసరాల పసుపు కుంకుమ, నూనెతో కలిసి గట్టిపడి, అంకెల పల్లాలన్నీ పూడిపోయాయి! కిరసనాయిలులో ఒక రాత్రి నానబెట్టి, తీగ బ్రష్షుతో కాదు, పళ్లు తోముకునే పాత బ్రష్షుతో రుద్దమన్నాను. ఆకురాయి పెట్టవద్దని ఒట్టు వేయించుకున్నాను. తర్వాత సుద్దముక్కని అడ్డంగా పట్టుకుని ఉబ్బెత్తు అంకెల మీద తేలిగ్గా రాయాలి. బీడు నల్లగా ఉండిపోయి అంకెలు తెల్లగా లేస్తాయి. ఇది ముసలాయన చెప్పిన చిట్కాయే.

మూడు నోళ్లు. ఇది మొదటి ఆధారం. షెవర్లే ఆరు సిలిండర్ల పాత ఇంజనులో పక్కపక్క సిలిండర్లు రెండేసి ఒకే దారిలోంచి పీల్చుకుంటాయి. కాబట్టి ఆరింటికి మూడే నోళ్లు. ఎగ్జాస్టుకి నాలుగు. నడుమ దిబ్బ కార్బురేటరు కూర్చునే పీట. దాని అడుగున వేడిపెట్టె. మనది మూడు నోళ్ల షెవర్లేయే అని ఆకారం చెప్పింది.

అప్పుడు నంబరు. పోతలో వచ్చే అంకెలు రెండు రకాలు. ఒకటి వస్తువు ఏదో చెప్పేది, రెండోది ఎప్పుడు పోశారో చెప్పేది. ఈ రెండూ కలగాపులగం చేసుకునే చాలామంది దెబ్బతింటారు. ఫోర్డు వారి పద్ధతిలో 9425 అని ఎక్కడ కనబడినా ఇన్‌టేక్ మానిఫోల్డు, 9430 అయితే ఎగ్జాస్టు, 9510 అయితే కార్బురేటరు. ముందున్న అక్షరాలు బండినీ, ఏడాదినీ చెబుతాయి. పాత వి8 లలో 91ఏ అంటే 1939, 01ఏ అంటే 1940. తర్వాతి కాలంలో సి5 అంటే 1965. కాని అది నమూనా గీసిన ఏడాదే. అదే నమూనాతో ఆ తర్వాత ఎన్నేళ్లయినా పోస్తారు. పోసిన తేదీ విడిగా ఉంటుంది. ఫోర్డు వారు ఏడాది, నెల, రోజు అని వేస్తే షెవర్లే వారు నెల, రోజు, ఏడాది అని వేస్తారు. నెలకి అక్షరం, జనవరికి ఏ, ఫిబ్రవరికి బి, అలాగ. ఏడాదికి చివరి అంకె ఒక్కటే. ఆ రోజుల్లో ఎవరైనా ఎనభై ఏళ్ల తర్వాత దీన్ని తలుపుకి అడ్డం పెడతారనుకున్నారా పాపం!

మా ముక్క మీద ఉన్నది: ఎఫ్ 20 1.

జూన్ 20. ఏడాది 1తో ముగుస్తుంది. 1941 కావచ్చు, 1951 కావచ్చు. ఈ ఒక్క అంకె మీద మా ఇంటి తగాదా అంతా ఆధారపడి ఉందన్నమాట. 1951 అయితే యుద్ధం అయిపోయి ఆరేళ్లు. పెట్రోలు తిరిగి వచ్చింది, బొగ్గు పీపాలు పాత ఇనుములోకి పోయాయి. షెవర్లే ఆ ఇంజనుని 1937 నుంచి 1953 దాకా పెద్దగా మార్చకుండా తయారుచేసింది కాబట్టి ఆకారం ఇక్కడ సాయం చెయ్యదు.

"పక్కన ఏదైనా బెజ్జం ఉందేమో చూడు" అన్నాను.

ఉందన్నాడు. దానికి రేకుబిళ్ల వేసి మూసి ఉందన్నాడు. నా గుండె ఝల్లుమన్నా పైకి తొందరపడలేదు. ఎందుకంటే మానిఫోల్డుకి చిన్న బెజ్జం చాలా కారణాలకి ఉంటుంది. అద్దం తుడిచే వైపరు ఒకప్పుడు మానిఫోల్డు పీల్చే బలంతోనే నడిచేది. ఆ బెజ్జం చిటికెన వేలు పట్టేంత. దాన్ని చూసి బొగ్గు బస్సు అనేస్తే నాన్నగారు పైనుంచి కూడా నవ్వుతారు.

"ఎంత ఉంది?"

"కొలబద్ద లేదన్నయ్యా ఇక్కడ, సామానంతా సర్దేశాం." కాసేపాగి, "బిళ్ల ఊడదీశాను. పాపాయి గాజు పెట్టి చూశాను, సరిగ్గా దూరింది" అన్నాడు.

మా తమ్ముడి కూతురికి నాలుగేళ్లు. నాలుగేళ్ల పిల్ల గాజు దూరేంత బెజ్జం వైపరుకి అక్కర్లేదు. దాని చుట్టూ పచ్చగా ఒక పట్టీ కనబడుతోందన్నాడు, పసుపు అనుకున్నాడట. కిరసనాయిలుకి పోలేదు. అది ఇత్తడి. బీడుకి బీడు అతకదు కాబట్టి ఇత్తడి కరిగించి అతికిన మూతి. మూడు బోల్టు రంధ్రాలు, మూడూ ఒకే దూరంలో లేవు. ఫ్యాక్టరీలో చేసినది కాదు, ఏదో ఊరి కొలిమిలో కంటికొలతతో చేసినది. అడుగున వేడిపెట్టె నోటికి కూడా రేకు కొట్టి ఉంది.

ఆ రేకు ఒక్కటే అయితే నేను నమ్మేవాణ్ణి కాను. మన ఎండలకి పెట్రోలు గొట్టాల్లోనే మరిగిపోయి బండి ఆగిపోతుంటే మెకానిక్కులు మామూలు లారీలకి కూడా ఆ రేకు కొడతారు. బెజ్జం ఒక్కటే అయితే ఏడాది తెలియదు. అంకె ఒక్కటే అయితే దశాబ్దం తెలియదు. కాని గాజంత బెజ్జాన్ని 1951లో ఎవరూ కోయరు. కాబట్టి ఆ 1, 1941. అమెరికా యుద్ధంలోకి దిగడానికి ఆరునెలల ముందు పోసిన మానిఫోల్డు ఓడెక్కి వచ్చి, బొగ్గు తాగింది.

అమ్మకి ఫోనులో చెప్పాను. "నేను చెప్పలేదూ!" అంది, ఆవిడ ఎప్పుడూ చెప్పకపోయినా. పెదతాత వైపువారికి తమ్ముడు చెబితే వాళ్ల సమాధానం కూడా న్యాయంగానే ఉంది. బస్సు బొగ్గుదని ఒప్పుకుంటారట. తాతగారు స్టీరింగు పట్టారని ఆ ముక్క మీద ఎక్కడ రాసి ఉందని అడిగారట. నిజమే. అసలు అది ఆయన పనిచేసిన బస్సుదేనని కూడా అది చెప్పదు. ఆటోనగర్‌లో తూకానికి కొన్నదీ కావచ్చు. కాని ఒకటి ఆలోచించాను. డ్రైవరైతే స్టీరింగు బోసు దాచుకునేవాడు, హారను దాచుకునేవాడు. మానిఫోల్డుని దాచుకునేది తెల్లవారుజామున లేచి, బ్లోయరు తిప్పి, దాని గొంతులోంచి మసి తీసినవాడు. క్లీనరు. ఈ మాట నేను పెదతాత వైపువారికి ఇంకా చెప్పలేదు. చెబితే వాళ్లు గెలిచామనుకుంటారు.

ముక్క ఇప్పుడు తమ్ముడి ఫ్లాటులో బాల్కనీలో ఉంది. తూకం పన్నెండు కిలోలు దాటింది, విమానంలో తెచ్చుకోవడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు. ఈ దసరాకి పసుపు అంకెల మీద కాకుండా పక్కన పెట్టమని మరదలికి చెప్పాను. సరేనంది. ఫోటో వచ్చింది. బొట్టు సరిగ్గా 'ఎఫ్' మీదే ఉంది.